తెగిన నరాలకు బయోపాలిమర్ నానో పోగులు: తరచుగా అడిగే ప్రశ్నలు

బండి మీంచి పడి భుజం నరాలు దెబ్బతిన్నవారి ఇంటివాళ్లు, మిల్లులో చెయ్యి తెగినవారు, ప్రాజెక్టు కోసం అంశం వెతుక్కుంటున్న బయోటెక్నాలజీ విద్యార్థులు ఈ విషయం మీద వేర్వేరు కారణాలతో దాదాపు ఒకే ప్రశ్నలు అడుగుతున్నారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులను దృష్టిలో పెట్టుకుని వాటికి రాసిన జవాబులివి. ఇవి వైద్యుని సలహాకు బదులు కావు. గాయం తాజాగా ఉన్నవారు ముందు "చెయ్యి తెగిన రోజున ఏం చేయాలి?" అన్న జవాబు చదివి, తక్కినవి తీరికగా చదువుకోవచ్చు.

బయోపాలిమర్ నానో పోగులు అంటే ఏమిటి?

జీవుల శరీరాల్లో తయారయ్యే పొడవాటి అణువులను, అంటే కొల్లాజెన్, దాని నుంచి వచ్చే జెలటిన్, పట్టులో ఉండే ఫైబ్రాయిన్, రొయ్యల పెంకు నుంచి తీసే కైటోసాన్ వంటివాటిని, ద్రావణంగా కలిపి అతి సన్నని పోగులుగా లాగితే వచ్చేవే ఇవి. ఈ పనిలో సాధారణంగా వాడే పోగుల మందం 100 నుంచి 1,000 నానోమీటర్ల దాకా ఉంటుంది. పత్తి పీచు మందం 10 నుంచి 20 మైక్రోమీటర్లు అనుకుంటే, 500 నానోమీటర్ల పోగు దానికంటే 20 నుంచి 40 రెట్లు సన్నం. శరీరంలో కణాల చుట్టూ సహజంగా ఉండే కొల్లాజెన్ అల్లిక కూడా ఇంచుమించు ఈ కొలతల్లోనే ఉంటుంది కాబట్టి, కణాలు ఇటువంటి పొరను పట్టుకుని దాని మీద పెరగగలుగుతాయి.

తెగిన నరం తనంతట తాను అతుక్కోదా?

చేతులు, కాళ్లలోని నరాలకు తిరిగి పెరిగే శక్తి ఉంది, కానీ ఆ శక్తికి రెండు హద్దులున్నాయి: దూరం, కాలం.

నరం తెగినప్పుడు గాయానికి అవతల, అంటే వేళ్ల వైపు మిగిలిన భాగంలోని ఆక్సాన్లు (నాడీకణాల నుంచి సాగే పొడవాటి తీగలు) కొద్ది రోజుల్లోనే ముక్కలై కరిగిపోతాయి. కప్ప నాలుక నరాల మీద 1850లో ఆగస్టస్ వాలర్ దీన్ని గమనించి వివరించినందువల్ల ఈ ప్రక్రియకు ఆయన పేరే స్థిరపడింది. వినడానికి ఇది నష్టంలా ఉన్నా, నిజానికి మరమ్మతుకు తొలి మెట్టు ఇదే. ఆక్సాన్లు పోయిన ఖాళీ గొట్టాల్లో, మామూలుగా ఆక్సాన్లకు తొడుగు కట్టే ష్వాన్ కణాలు చెత్తను శుభ్రం చేసి, సంఖ్య పెంచుకుని, పొడవాటి వరుసలుగా బారులు తీరి, పెరుగుదలకు తోడ్పడే ప్రోటీన్లను వదులుతూ కొత్త ఆక్సాన్ కోసం ఎదురుచూస్తాయి. వెన్నుపాము వైపున్న కొస నుంచి ఆక్సాన్ మొలకలు బయలుదేరి ఆ వరుసలను అందుకుంటే, వాటి వెంట రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున ముందుకు సాగుతాయి.

చిక్కు ఇక్కడే వస్తుంది. రెండు కొసల మధ్య ఎడం ఎక్కువగా ఉంటే మొలకలకు అవతలి వరుసలు అందవు. అవి దారి తప్పి చుట్టలు చుట్టుకుని, ముట్టుకుంటే షాక్ కొట్టినట్టుండే గడ్డగా మారతాయి. ఇక కాలం విషయానికి వస్తే, మోచేతి దగ్గర తెగిన నరం అరచేతి కండరాన్ని చేరడానికి 25 నుంచి 30 సెంటీమీటర్లు పెరగాలి, అంటే దాదాపు పది నెలలు పడుతుంది. నరం అందని కండరం ఏడాది నుంచి ఏడాదిన్నర లోపు తిరిగి కోలుకోలేనంతగా క్షీణిస్తుంది. మెడ దగ్గర, భుజం నరాల మూలం వద్ద తెగినప్పుడు వేళ్ల కదలిక తిరిగి రావడం ఎందుకంత కష్టమో ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది. ఎదురుచూస్తున్న ష్వాన్ కణాలు కూడా నెలలు గడిచేకొద్దీ ఓపిక కోల్పోతాయి.

ఇప్పుడు ఆసుపత్రుల్లో దీనికి ఏం చేస్తున్నారు?

కొసలు లాగకుండా కలిసేటట్టు ఉంటే మైక్రోస్కోపు కింద, వెంట్రుక కన్నా సన్నని దారంతో నేరుగా కుడతారు. కొసలను బలవంతంగా లాగి కుడితే నరానికి రక్తప్రసరణ తగ్గి కుట్టు విఫలమవుతుంది కాబట్టి, ఎడం ఉన్నప్పుడు రోగి కాలి పిక్క వెనక ఉండే సూరల్ నరాన్ని తీసి మధ్యలో అతుకుతారు. ఇప్పటికీ మిగతా అన్ని పద్ధతులనూ దీనితోనే పోల్చి చూస్తారు, ఎందుకంటే తీసిన ముక్కలో ష్వాన్ కణాలూ, వాటి సహజమైన వరుసలూ సిద్ధంగా ఉంటాయి. దీనికి చెల్లించే మూల్యం పాదం బయటి అంచున మిగిలిపోయే మొద్దుబారుతనం, మరో కోత, మరో మచ్చ. పైగా పెద్ద గాయాలకు సరిపడా నరం ఒంట్లో దొరకదు.

దీనికి ప్రత్యామ్నాయంగా కరిగిపోయే గొట్టాలు వచ్చాయి. అమెరికాలో పాలీగ్లైకోలిక్ ఆమ్లంతో చేసిన గొట్టానికి 1999లో, పశువుల కొల్లాజెన్‌తో చేసిన గొట్టానికి 2001లో అనుమతి లభించింది. నరం రెండు కొసలనూ గొట్టంలోకి జొనిపి కుడితే, లోపల చేరిన ద్రవంలో ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే ప్రోటీను) తీగ ఏర్పడి, దాని మీదుగా కణాలు సాగుతాయి. సన్నని స్పర్శ నరాల్లో 3 సెంటీమీటర్లకు లోపు ఎడాలకు ఈ గొట్టాలు పనికొస్తాయి. అంతకు మించిన ఎడాల్లో, లావైన నరాల్లో వీటి మీద ఆధారపడటం సరికాదని అనుభవం చెబుతోంది, ఎందుకంటే ఎడం పెరిగేకొద్దీ ఆ ఫైబ్రిన్ తీగ మధ్యలో సన్నబడి తెగిపోతుంది.

గొట్టం ఉండగా పోగులెందుకు?

ఖాళీ గొట్టం బయటి కణజాలం లోపలికి చొరబడకుండా కాపాడుతుందే తప్ప, లోపల ఎటు పోవాలో మొలకకు చెప్పదు. ఆ పని పోగులు చేస్తాయి. ఈ పేజీలో గుర్తుంచుకోవలసిన మాట ఒకటే ఉందంటే, అది పోగు దేనితో చేశారన్నది కాదు, పోగులన్నీ ఒకే దిక్కుగా ఉన్నాయా లేదా అన్నది.

దీనికి మన జిల్లాలోనే మంచి పోలిక ఉంది. పొందూరులో సన్నని ఖద్దరుకు నూలు వడికేవారు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ పళ్ల మధ్య నుంచి పోయేటప్పుడు చెత్త రాలిపోవడమే కాక, చిక్కుపడి ఉన్న పీచులన్నీ ఒకే వైపుకు సర్దుకుంటాయి, అందుకే ఆ తర్వాత అంత సన్నని నూలు తెగకుండా వస్తుంది. దువ్వని పత్తికీ దువ్విన పత్తికీ పీచులో తేడా లేదు, ఉన్నదంతా వరుసలోనే. నానో పోగుల పొరల్లోనూ అంతే: చిందరవందరగా పరుచుకున్న పొర మీద పెట్టిన నాడీకణం అన్ని దిక్కులకూ కొమ్మలు చాస్తుంది, వరుసగా పరిచిన పొర మీద పెట్టినది పోగు పొడవునా సాగుతుంది.

దీన్ని చూపిన ప్రయోగాల్లో ఇద్దరు తెలుగువారి బృందాలున్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదివి సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో పనిచేసిన సీరం రామకృష్ణ బృందం 2005లో పాలీల్యాక్టిక్ ఆమ్లపు పోగుల మీద నాడీ మూలకణాలను (స్టెమ్ సెల్స్) పెంచింది. పోగులు వరుసగా ఉన్నచోట కణాలు వాటి వెంటే సాగాయి. మందమైన పోగుల మీద కంటే నానో పోగుల మీద ఎక్కువ కణాలు నాడీకణాలుగా మారే దిశగా కదిలాయి. ఉస్మానియాలో బయోమెడికల్ ఇంజనీరింగ్ చదివి అమెరికాలో స్థిరపడిన రవి బెల్లంకొండ బృందం 2008లో ఎలుక కాలి నరంలో 17 మిల్లీమీటర్ల ఎడాన్ని తీసుకుని, వరుస పోగుల పొరలను, వరుస లేని పోగుల పొరలను పోల్చి చూసింది. బయటి నుంచి ఏ పెరుగుదల ప్రోటీనూ కలపకుండానే వరుస పోగులు నరాన్ని అవతలికి చేర్చాయి. ఆ ప్రయోగంలో వాడిన పదార్థం జీవపదార్థమూ కాదు, కరిగిపోయేదీ కాదు, యాక్రిలిక్ జాతి ప్లాస్టిక్కు. అంటే అక్కడ గెలిచింది పదార్థం కాదు, వరుస.

పోగులు ఎలా తీస్తారు?

ఎక్కువమంది వాడే పద్ధతి ఎలక్ట్రోస్పిన్నింగ్. దీనికి 1934లోనే ఆంటన్ ఫార్మ్‌హాల్స్ పేటెంటు తీసుకున్నారు, కానీ 1990ల తర్వాతే ప్రయోగశాలల్లో విరివిగా వాడుకలోకి వచ్చింది.

ద్రావణాన్ని సిరంజిలో నింపి, మొన కత్తిరించిన లోహపు సూది పెట్టి, గంటకు అర మిల్లీలీటరు నుంచి ఒక మిల్లీలీటరు చొప్పున మెల్లగా తోసే పంపు మీద ఉంచుతారు. సూదికి 10 నుంచి 25 కిలోవోల్టుల విద్యుత్తు ఇచ్చి, దానికి 10 నుంచి 15 సెంటీమీటర్ల దూరంలో భూమికి కలిపిన లోహపు పళ్లెం గాని డ్రమ్ము గాని పెడతారు. వోల్టేజి పెరిగేకొద్దీ సూది చివర వేలాడే గుండ్రని బొట్టు మెల్లగా సాగి శంకువు ఆకారానికి వస్తుంది. ఈ శంకువు కోణాన్ని 1964లో లెక్కగట్టిన జెఫ్రీ టేలర్ పేరుతోనే దీన్ని పిలుస్తారు. ఆ మొన నుంచి ఒక సన్నని ధార బయటికి దూకి, కొద్ది సెంటీమీటర్లు తిన్నగా పోయి, ఆ తర్వాత తన మీదున్న విద్యుదావేశాల వికర్షణకే కొరడాలా మెలికలు తిరుగుతూ సాగి సన్నబడుతుంది. ద్రావణి ఆవిరైపోయి, ఎండిన పోగు మాత్రమే డ్రమ్మును చేరుతుంది. పక్క నుంచి దీపం వేసి చూస్తే తప్ప ఆ ధార కంటికి ఆనదు. డ్రమ్ము మీద తెల్లని పొర పేరుకోవడం చూసే చాలామంది పని జరుగుతోందని తెలుసుకుంటారు.

వరుస రావాలంటే డ్రమ్ము వేగంగా తిరగాలి. 10 సెంటీమీటర్ల వ్యాసమున్న డ్రమ్మును నిమిషానికి 2,000 చుట్లు తిప్పితే దాని అంచు సెకనుకు సుమారు 10 మీటర్ల వేగంతో కదులుతుంది, పోగు దిగే వేగానికి ఈ వేగం సరితూగితేనే పోగు తిన్నగా చుట్టుకుంటుంది. వేగం చాలకపోతే వరుస రాదు, మరీ ఎక్కువైతే పోగులు తెగుతాయి.

ఇక్కడి వాతావరణంలో ఈ పని కుదురుతుందా?

కుదురుతుంది, గదిలో తేమను అదుపులో పెడితేనే. కళింగపట్నం నుంచి భోగాపురం దాకా కోస్తా గాలిలో తేమ 70 శాతం దాటే రోజులే ఎక్కువ, ఉక్కపోత రోజుల్లో సంగతి చెప్పనక్కర్లేదు. తేమ గాలిలో ధార మీది ఆవేశం కొంత కారిపోతుంది. నీరు ఎక్కువగా ఉన్న ద్రావణాలు దారిలో ఎండక, తడిగా డ్రమ్మును చేరి ఒకదానికొకటి అతుక్కుపోతాయి, లేదా పూసలు పూసలుగా దిగుతాయి. త్వరగా ఆవిరయ్యే ద్రావణులైతే పోగు చల్లబడి, దాని మీద నీటి బిందువులు చేరి గుంటలు పడతాయి. జెలటిన్ పొర ఎంత బాగా వచ్చినా రాత్రంతా బల్ల మీద వదిలేస్తే తెల్లారేసరికి తేమ పీల్చి ముద్దయిపోతుంది. అక్రిలిక్ పెట్టెలో సిలికా జెల్ గాని చిన్న డీహ్యూమిడిఫయర్ గాని పెట్టి తేమను 30 నుంచి 50 శాతం మధ్య నిలపడం, ప్రతి ప్రయోగానికీ ఆ రోజు తేమను, ఉష్ణోగ్రతను పుస్తకంలో రాసుకోవడం తప్పనిసరి. చలికాలంలో అద్భుతంగా వచ్చిన పొర ఆషాఢంలో రాలేదని ద్రావణాన్ని తిట్టుకునేవారికి ముందు ఆ పుస్తకం తెరవమని చెప్పాలి.

ఏ పాలిమర్ మంచిది?

ఒక్కదాన్నే ఎంచమంటే చెప్పలేం, ప్రతిదానికీ ఒక గుణం, ఒక లోపం ఉన్నాయి. కొల్లాజెన్ మీద కణాలు బాగా పట్టుకుంటాయి, కానీ ఖరీదు ఎక్కువ, పైగా ఎలక్ట్రోస్పిన్నింగ్‌కు వాడే కొన్ని ద్రావణుల్లో దాని సహజమైన మూడు పేటల అల్లిక చెడిపోయి దాదాపు జెలటిన్‌గా మారుతుంది. జెలటిన్ చవక, అయితే ఒంటి వేడికి కరిగిపోతుంది కాబట్టి అణువుల మధ్య బంధాలు వేయించాలి. గ్లుటరాల్డిహైడ్ ఆ పని చేస్తుంది గాని దాని అవశేషం కణాలకు విషం. అందుకే గార్డీనియా కాయల నుంచి వచ్చే జెనిపిన్ వైపు చాలామంది మొగ్గుతున్నారు. పట్టు ఫైబ్రాయిన్ బలమైనది, దాని మీదున్న సెరిసిన్ జిగురును సోడియం కార్బొనేటు నీళ్లలో ఉడికించి పూర్తిగా తీసేస్తే ఒంటికి బాగానే సరిపడుతుంది.

ఒంటరిగా వాడిన జీవపదార్థం తడిలో మెత్తబడి, సర్జను సూది గుచ్చగానే చిరిగిపోయే ప్రమాదం ఉంది. అందుకే పీసీఎల్ (పాలీకాప్రోల్యాక్టోన్) వంటి కృత్రిమ పాలిమర్‌ను కలపడం రివాజైంది. 2008లో వచ్చిన ఒక పరిశోధనలో పీసీఎల్, జెలటిన్‌లను 70:30 పాళ్లలో కలిపిన పోగులు బలంలోనూ, నాడీ మూలకణాల పెరుగుదలలోనూ మెరుగ్గా కనిపించాయి. ఇప్పటికీ విద్యార్థులు మొదలుపెట్టడానికి అనువైన మిశ్రమం ఇదే అనవచ్చు.

మన రొయ్యల పెంకులతో ఈ పని చేయలేమా?

ఈ ప్రశ్న అడగని విద్యార్థి ఉండడు, అడగడం సహజమే. కోస్తా మండలాల్లో రొయ్యల చెరువులున్నాయి, తలలూ పెంకులూ వ్యర్థంగా మిగులుతున్నాయి. వాటిలో కైటిన్ ఉంది, కైటిన్ నుంచి కైటోసాన్ వస్తుంది, కైటోసాన్ నరాలకు పనికొస్తుంది. జర్మనీలో తయారైన కైటోసాన్ గొట్టాలను ఐరోపాలో వేలి నరాల మరమ్మతుకు వాడారు కూడా.

తయారీ పద్ధతి కూడా రహస్యమేమీ కాదు. పెంకును కడిగి ఎండబెట్టి, సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానబెడితే కాల్షియం కార్బొనేటు నురగలు కక్కుతూ పోతుంది. తర్వాత సజల కాస్టిక్ సోడాలో వేడి చేస్తే ప్రోటీను పోతుంది. మిగిలిన కైటిన్‌ను 40 నుంచి 50 శాతం గాఢత ఉన్న కాస్టిక్ సోడాలో మరిగిస్తే దానిలోని ఎసిటైల్ గుంపులు ఊడిపోయి కైటోసాన్ అవుతుంది. ఎసిటైల్ గుంపులు ఎంత శాతం ఊడాయన్నదాన్ని బట్టే అది ఆమ్లంలో ఎలా కరుగుతుంది, ఒంట్లో ఎంత కాలానికి అరుగుతుంది, కణాలు దాన్ని ఎంత ఇష్టపడతాయి అన్నవన్నీ తేలుతాయి.

అయితే ప్రయోగశాలలో తెల్లని పొడి రావడం వేరు, మనిషి ఒంట్లో పెట్టదగిన పదార్థం రావడం వేరు. చెరువు మారితే, కాలం మారితే, పెంకు ఎంతసేపు ఎండలో కుళ్లిందన్నది మారితే అణుభారం మారుతుంది. బాక్టీరియా వదిలిన ఎండోటాక్సిన్లు, భారలోహాలు, మిగిలిపోయిన ప్రోటీను ఎంతెంత ఉన్నాయో ప్రతి విడతలోనూ పరీక్షించి, ఒకే నాణ్యత వస్తోందని నిరూపించాలి. వ్యవసాయానికి, నీటి శుద్ధికి అమ్మే కైటోసాన్‌కు ఈ బాధ లేదు. "మన వ్యర్థంతో నరాలు" అన్న శీర్షిక పెట్టడం తేలిక, ఆ శీర్షికకు తగిన శుద్ధి కర్మాగారం కట్టడమే కష్టం. పెంకు కొరత మనకు ఎప్పుడూ లేదు, కొరతంతా శుద్ధిలోనే ఉంది.

ఇంకో సాంకేతిక చిక్కు: కైటోసాన్ ఒక్కదాన్నే పోగులుగా లాగడం కష్టం. ఆమ్లంలో దాని అణువుల నిండా ధనావేశం ఉండి ఒకదాన్నొకటి తోసుకుంటాయి, ద్రావణం చిక్కబడి బొట్లుగానే రాలుతుంది. పాలీఇథిలీన్ ఆక్సైడు కొద్దిగా కలిపితే పోగు నిలబడుతుంది, ఆ తర్వాత దాన్ని నీటితో కడిగి తీసేయవచ్చు.

రొయ్యలు పడనివారు, శాకాహారులు దీన్ని వాడవచ్చా?

రొయ్యలు తింటే దద్దుర్లు రావడానికి ప్రధాన కారణం వాటి కండలోని ట్రోపోమయోసిన్ అనే ప్రోటీను, కైటోసాన్ కాదు. బాగా శుద్ధి చేసినదానిలో ఆ ప్రోటీను ఉండకూడదు. అయినా అలర్జీ ఉన్నవారు ఆ విషయం సర్జనుకు ముందే చెప్పి తీరాలి. కొల్లాజెన్, జెలటిన్‌లు పశువుల నుంచో పందుల నుంచో వస్తాయి కాబట్టి, ఆచారరీత్యా అభ్యంతరం ఉన్నవారు ఏ మూలం నుంచి వచ్చిందో అడిగి తెలుసుకోవడానికి మొహమాటపడనక్కర్లేదు.

ఒంట్లో పెట్టిన పోగులు ఎంతకాలం ఉంటాయి?

నరం దాటిపోయేదాకా ఉండాలి, దాటాక పోవాలి, కోరుకునేది అంతే. బంధాలు వేయని జెలటిన్ గంటల్లోనే కరిగిపోతుంది. పీసీఎల్ రెండేళ్లకు పైగా ఉండి, ఒక్కోసారి నరాన్ని నొక్కుతుంది. పాలీగ్లైకోలిక్ ఆమ్లం నెలల్లోనే పోతుంది గాని పోతూ పోతూ ఆమ్లాన్ని వదులుతుంది. కైటోసాన్‌ను ఒంట్లోని లైసోజైమ్ అనే ఎంజైము మెల్లగా అరగదీస్తుంది.

వెన్నుపాము దెబ్బకు, పక్షవాతానికి ఇది పనికొస్తుందా?

ప్రస్తుతానికి రాదు. వెన్నుపాము, మెదడుల్లో ష్వాన్ కణాలు ఉండవు. అక్కడి ఆక్సాన్ల మీద కొవ్వు తొడుగుగా ఉండే మైలిన్‌లోనే పెరుగుదలను ఆపే ప్రోటీన్లున్నాయి, గాయం చుట్టూ, నాడీకణాలకు అండగా ఉండే గ్లియల్ కణాలు గట్టి మచ్చ కడతాయి. పోగులు దిక్కు చూపించగలవు గాని ఈ అడ్డంకులను తొలగించలేవు. జంతువుల మీద పరిశోధన జరుగుతోంది, చికిత్సగా చెప్పదగింది ఇంకా లేదు. పక్షవాతంలో దెబ్బతినేది మెదడులోని భాగం, చేతిలోని నరం కాదు.

షుగరు వల్ల వచ్చే తిమ్మిర్లకు, ఉద్దానం కిడ్నీ రోగుల కాళ్ల మంటలకు?

రెండింటికీ కాదు. ఇవి నరం ఒకచోట తెగి ఎడం ఏర్పడిన గాయాలు కావు. రక్తంలోని చక్కెర వల్లనో, మూత్రపిండాలు వడకట్టలేక మిగిల్చిన విషాల వల్లనో, పొడవాటి నరాల చివరలు రెండు పాదాల్లోనూ ఒకేసారి క్షీణించడం వల్ల వచ్చేవి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ప్రాంతాల డయాలసిస్ రోగుల్లో కాళ్ల తిమ్మిర్లు కనిపిస్తే డయాలసిస్ తగినంతగా జరుగుతోందా, బి12 ఎలా ఉంది, చక్కెర ఉందా అని చూపించుకోవాలి. స్పర్శ లేని మచ్చతో పాటు చేతి వేళ్లు వంగిపోతుంటే కుష్ఠు పరీక్ష చేయించుకోవాలి, దానికి మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, ఆలస్యం చేస్తేనే నరం పోతుంది.

స్టెమ్ సెల్స్ కలిపి ఎక్కిస్తామని చెప్పేవారిని నమ్మవచ్చా?

డబ్బు తీసుకుని చేస్తామంటే నమ్మకూడదు. పోగుల మీద మూలకణాలను పెంచి నరంలో అమర్చడం మంచి పరిశోధనాంశమే. కానీ భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం రక్తసంబంధ వ్యాధులకు చేసే మూలకణ మార్పిడి వంటి ఆమోదిత చికిత్సలు తప్ప తక్కినవన్నీ అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్స్‌లోనే జరగాలి, వాటికి రోగి దగ్గర రుసుము తీసుకోకూడదు. ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబరు, ఎథిక్స్ కమిటీ అనుమతి చూపించమని అడగండి. చూపించకుండా మాట మార్చితే అక్కడి నుంచి లేచి రావడమే మేలు.

ఎలుకల్లో పనిచేసిందంటే మనుషుల్లోనూ పనిచేసినట్టేనా?

కాదు, ఈ రంగంలో ఆశ ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. ఎక్కువ ప్రయోగాలు ఎలుక తొడ నరంలో 10 మిల్లీమీటర్ల ఎడం మీద జరుగుతాయి. ఎలుకల నరాలు మనుషుల నరాలకంటే చురుకుగా కోలుకుంటాయి, అవి చేరవలసిన కండరం కూడా దగ్గరే. ఎలుకలో 15 మిల్లీమీటర్లు కష్టమైన ఎడం, మనిషి ముంజేతి గాయంలో 5 సెంటీమీటర్లు మామూలే. పత్రికల్లో వార్త చదివినప్పుడు మూడు సంగతులు వెతకాలి: ఎడం ఎంత, రోగి సొంత నరం అతుకుతో పోల్చారా, ఫలితాన్ని మైక్రోస్కోపులో ఆక్సాన్ల లెక్కతో చూపారా లేక జంతువు నడకతో, కండరం బరువుతో చూపారా. ఖాళీ గొట్టంతో పోల్చి "మెరుగు" అని రాసినది గెలుపు కింద లెక్కకు రాదు.

మన జిల్లాల ఆసుపత్రుల్లో ఇది దొరుకుతుందా?

నానో పోగులు నింపిన గొట్టాన్ని అడిగి పెట్టించుకునే స్థితి ఇక్కడ లేదు, దాని కోసం వేచి ఉండటం కూడా వద్దు. ఒంట్లో కరిగిపోయే ఇలాంటి ఇంప్లాంట్లు దేశంలో అమ్మాలంటే 2017 వైద్య పరికరాల నియమాల కింద కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఉండాలి. నరాన్ని కుట్టడం, అతకడం మాత్రం ప్లాస్టిక్ సర్జరీ విభాగమున్న చోట జరుగుతుంది. మనకు దగ్గరలో విశాఖపట్నం కేజీహెచ్‌లో ఆ విభాగం ఉంది. ప్రభుత్వ ఆరోగ్య పథకం వర్తిస్తుందో లేదో నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను చేరిన రోజే అడగాలి.

చెయ్యి తెగిన రోజున ఏం చేయాలి?

రాజాం, బొబ్బిలి జూటు మిల్లుల్లోనైనా, పలాస జీడిపప్పు పరిశ్రమల్లోనైనా, ఇంట్లో గాజు పగిలినా మొదటి పని ఒకటే: శుభ్రమైన గుడ్డ మడతపెట్టి గాయం మీద గట్టిగా నొక్కి, చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉంచడం. పసుపు, కాఫీపొడి, సున్నం పెట్టకూడదు, వాటిని తర్వాత గాయం లోంచి ఏరి తీయడానికే సర్జనుకు సగం సమయం పోతుంది. వేలు పూర్తిగా తెగిపడితే దాన్ని తడి గుడ్డలో చుట్టి, పాలిథిన్ సంచిలో వేసి మూతికట్టి, ఆ సంచిని మంచులో పెట్టాలి. మంచు నేరుగా వేలికి తగలకూడదు.

మత్తు ఇంజెక్షను ఇవ్వకముందే ప్రతి వేలి కొసా తాకి స్పర్శ ఉందో లేదో చూడమని డాక్టరును అడగండి. మత్తు ఇచ్చాక ఆ సంగతి తేల్చలేరు. చర్మాన్ని మాత్రం కుట్టి పంపించేసిన ఎన్నో గాయాల్లో లోపల తెగిన నరం నెలల తర్వాత, వేలు కాలినా తెలియనప్పుడు బయటపడుతుంది. కత్తితోనో గాజుతోనో శుభ్రంగా తెగిన నరాన్ని మొదటి కొద్ది రోజుల్లో కుడితే కొసలు కలుస్తాయి. వారాలు గడిస్తే అవి ముడుచుకుపోయి, నేరుగా కలపవలసిన చోట అతుకు వేయవలసి వస్తుంది. బండి ప్రమాదంలో భుజం నుంచి చెయ్యి మొత్తం వేలాడిపోతే, "అదే వస్తుందిలే" అని ఆరు నెలలు నూనె మర్దనాతో గడపకుండా మొదటి నెలలోనే నరాల సర్జనుకు చూపించాలి.

ఆపరేషన్ తర్వాత నరం పెరుగుతోందని ఎలా తెలుస్తుంది?

కుట్టిన చోటు నుంచి వేళ్ల వైపుకు చర్మం మీద వేలితో మెల్లగా తట్టుకుంటూ పోతే, పెరుగుతున్న కొస ఉన్న చోట వేళ్లలో జివ్వుమంటుంది. దీన్ని టినెల్ గుర్తు అంటారు. నెలనెలా ఆ చోటును పెన్నుతో గుర్తుపెట్టి కొలిస్తే, అది సుమారు 3 సెంటీమీటర్ల చొప్పున ముందుకు జరుగుతుంటే మంచిదే. వరుసగా కొన్ని నెలలు అక్కడే ఆగిపోతే సర్జనుకు చెప్పాలి. ఈలోగా ఫిజియోథెరపీ మానితే నరం వచ్చేసరికి కీళ్లు బిగుసుకుపోయి ఉంటాయి.

ఇక్కడ చదువుతూ ఈ రంగంలో పని మొదలుపెట్టడం ఎలా?

ఎచ్చెర్లలోనో, రాజాంలోనో, విజయనగరంలోనో చదువుతున్న విద్యార్థి ఎలుకల ప్రయోగాల జోలికి పోకుండానే పనికొచ్చే పని చేయవచ్చు. పోగుల మందం, వరుస, నీటిలో అవి ఎన్ని రోజులు నిలుస్తాయన్నది, తడిసినప్పుడు ఎంత బలం మిగులుతుందన్నది, ఈ నాలుగూ కొలిస్తేనే మంచి ప్రాజెక్టు అవుతుంది. మందం, వరుసలకు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రాలు కావాలి, పెద్ద విశ్వవిద్యాలయాలు రుసుము తీసుకుని తీసి ఇస్తాయి. ఆ చిత్రాల్లో పోగుల దిక్కులను ఉచితంగా దొరికే ఇమేజ్‌జె సాఫ్ట్‌వేరుతో లెక్కకట్టవచ్చు. చిత్రంలో బాగున్న మూలను మాత్రమే ఎంచుకోకుండా, పొర మీద వేర్వేరు చోట్ల తీయించాలి.

భద్రత విషయంలో రాజీ వద్దు. 20 కిలోవోల్టుల సరఫరా ఆపిన తర్వాత కూడా సూదిని భూమికి కలిపిన కడ్డీతో తాకించాకే చెయ్యి పెట్టాలి. ఫ్లోరిన్ ఉన్న ఘాటైన ద్రావణులు కళ్లనూ ఊపిరితిత్తులనూ కాలుస్తాయి కాబట్టి, ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లను బయటికి లాగేసే పెట్టె) లేని చోట ఎసిటిక్ ఆమ్లంతో కుదిరే జెలటిన్, కైటోసాన్ మిశ్రమాలకే పరిమితం కావాలి, అదీ గాలి బాగా ఆడే చోట. పైచదువుకు తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ, తంజావూరులోని శాస్త్ర విశ్వవిద్యాలయం, ఐఐటీ హైదరాబాద్ బయోమెడికల్ విభాగం చూడదగినవి. దరఖాస్తుతో పాటు పంపే ప్రాజెక్టు నివేదికలో విఫలమైన పొరల చిత్రాలు, వాటి ఎదురుగా ఆనాటి తేమ అంకె ఉంటే, పని తెలిసినవారు మొదట ఆ పేజీ దగ్గరే ఆగుతారు.